ఒకే కాక్టస్‌కు రెండు పేర్లా? కొండ కాక్టస్ వానలకు కుళ్లుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర చిన్న నర్సరీ. స్తంభంలా నిలువుగా పెరిగే కాక్టస్ మొక్కలు తెప్పించాం. చూస్తే ఒకే రకం, కానీ ఒక కుండీ మీద ట్రైకోసీరియస్ అని, ఇంకో దాని మీద ఎకినాప్సిస్ అని ఉంది. తెల్లటి నూగుండే ఓరియోసీరియస్ మొక్కలేమో వానలకు అడుగు నుంచి కుళ్లుతున్నాయి. ఏ మందు వాడాలి?
– ఒక రైతు, చేవెళ్ల

జవాబు: పేర్ల గురించి టెన్షన్ పడకండి. రెండూ ఆ మొక్కవే. రికోబోనో అనే ఇటలీ శాస్త్రవేత్త 1909లో ట్రైకోసీరియస్‌ను ప్రత్యేక ప్రజాతిగా (దగ్గరి జాతులన్నీ చేరే గుంపుగా) నిలబెట్టారు. 1974లో దాన్ని ఎకినాప్సిస్‌లో కలిపేశారు. అలా కలిపినవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావని డీఎన్‌ఏ పరిశీలనలో తేలడంతో చాలామంది మళ్లీ పాత పేరే రాస్తున్నారు. మీరు లేబుల్ మీద రెండూ రాయండి, కొనేవాళ్లకు తికమక ఉండదు.

ఇవి కాక్టేసీ కుటుంబం మొక్కలు. మన తోటకూర, గంగవాయిలి కూర ఉన్న క్రమంలోవే (క్రమం అంటే దగ్గరి కుటుంబాలన్నీ చేరే పెద్ద గుంపు). పొలం గట్టున ఉండే బొంతజెముడు మాత్రం ఆముదం కుటుంబానిది. ముళ్లు పుట్టేచోట దూదిలాంటి చిన్న మెత్త కనిపిస్తే అది కాక్టస్ అని గుర్తుపట్టండి.

ఇక కుళ్లు సంగతి. గ్రీకులో ‘ఓరోస్’ అంటే కొండ. ఓరియోసీరియస్ పెరూ, బొలీవియా, అర్జెంటీనాల్లోని ఆండీస్ కొండల మొక్క. 3,000 మీటర్లు దాటిన ఎత్తులోనూ పెరుగుతుంది. అక్కడ పగలు మాడ్చే ఎండ, రాత్రి వణికించే చలి. రెండింటి నుంచీ కాచేది ఆ నూగే. పడే కాస్త వానా రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది. మన దగ్గర జులైలో రాత్రంతా ఉక్క, తేమ. తడిసిన నూగు ఆరదు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన మట్టి అసలే ఆరదు. కాబట్టి ముందు చేయాల్సింది మందు కొట్టడం కాదు, వాన తగలకుండా పైకప్పు వేయడం.

కుళ్లిన మొక్కను మెత్తబడిన చోటుకు పైన కోయండి. కోత మధ్యలో ఉంగరంలాంటి వలయం ఉంటుంది. అందులో గోధుమరంగు చుక్క ఒక్కటున్నా ఇంకో అంగుళం పైకి కోయాలి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవండి. పై ముక్కను నీడలో రెండు వారాలు ఆరనిచ్చి, కోసినచోట గట్టి పొర కట్టాకే నాటండి. ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువగా, వర్మికంపోస్టు గుప్పెడంతే వేయండి. బాగున్న మొక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి ఒకసారి పోయండి. ఆ తర్వాత కుండీ అడుగుదాకా ఆరేవరకు నీళ్లు పెట్టొద్దు.