మయస్తీనియా: సొంత రక్షణ వ్యవస్థే కండరం మీద ఎందుకు తిరగబడుతుంది?

"మాది మునుగోడు దిక్కు. అమ్మకు పొద్దుగూకేసరికి రెప్పలు వాలిపోతున్నయి, బువ్వ నమలలేకపోతోంది. మయస్తీనియా అన్నరు. ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా?" అని ఒకరు అడిగారు.

కాదండీ. ఫ్లోరోసిస్ ఎముకలను, కీళ్లను బిగదీస్తుంది, రెప్పలను వాల్చదు.

కండరాన్ని కదలమని చెప్పడానికి నరం చివర వదిలే రసాయనం ఎసిటైల్‌కోలిన్‌ను అందుకోవడానికి కండరం మీద గ్రాహకాలుంటాయి. ఈ జబ్బులో రక్షణ వ్యవస్థలోని బి కణాలు, టి కణాల సాయంతో, ఆ గ్రాహకాల మీదికే యాంటీబాడీలను తయారుచేస్తాయి. అవి కొన్ని గ్రాహకాలను మూసేస్తాయి, కొన్నిటిని కణం లోపలికి లాగించి అరిగిస్తాయి. అసలు నష్టం ఆ యాంటీబాడీలు రెచ్చగొట్టే కాంప్లిమెంట్ అనే రక్తంలోని రక్షణ ప్రొటీన్లది: కండరపు పొరకు చిల్లులు పొడిచి, దాని మడతలను చదును చేస్తాయి. నమిలే కొద్దీ నరం వదిలే ఎసిటైల్‌కోలిన్ తగ్గుతుంది. మిగిలిన కాసిన్ని గ్రాహకాలకు అది చాలదు, దవడ ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ కదులుతుంది.

ఒళ్లంతా సోకినవాళ్లలో సుమారు 85 శాతం మందికి రక్తంలో ఈ యాంటీబాడీ దొరుకుతుంది, కళ్లకే పరిమితమైతే సగం మందికే. నెగెటివ్ వస్తే మస్క్ అనే మరో కండర ప్రొటీన్ మీది యాంటీబాడీకి కూడా పరీక్ష చేయించండి. రక్షణ వ్యవస్థ తప్పు తరచూ ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో మొదలవుతుంది; 10-15 శాతం మందికి అక్కడ గడ్డ ఉంటుంది, ఛాతీ సీటీ అందుకే.

జ్వరానికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జెంటామైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వేయించకండి, ఊపిరి కండరాలే దెబ్బతినొచ్చు. మింగుడు పడకున్నా, ఆయాసమొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.