అక్షరాలు గీసే అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది కావలి. చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఒక పెళ్లికార్డు మీద ఇంగ్లిష్ పేర్లను మా ఆపరేటర్ లావు చేసి పక్కకు వాల్చి ఇస్తే, "అది ఇటాలిక్ కాదు నాన్నా" అని రాత్రంతా కూర్చుని మార్చాడు. ఈ పిచ్చితో బతుకుతెరువు ఉంటుందా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమండీ. ఇటాలిక్ అంటే వాల్చిన అక్షరం కాదు. 1500 ప్రాంతంలో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ ప్రెస్ కోసం ఫ్రాన్సెస్కో గ్రిఫో చెక్కిన అచ్చులవి. ఆనాటి చేతిరాత నుంచి పుట్టాయి. టైమ్స్ న్యూ రోమన్‌లో ఇంగ్లిష్ చిన్న 'ఎ' కొట్టి ఇటాలిక్ చేయండి, ఆకారమే మారిపోతుంది. 'ఎఫ్' తోక, అక్షరాలు నిలబడే గీతను దాటి కిందికి దిగుతుంది. దాన్నే బోల్డ్ చేయాలంటే ఇంకా కష్టం. గీత లావయ్యేకొద్దీ అక్షరం లోపలి ఖాళీ పూడుకుపోతుంది. సెరిఫ్‌లు, అంటే కొసల్లో ఉండే చిన్న పాదాలు, మొద్దుబారతాయి. ప్రతి అక్షరాన్నీ మళ్లీ గీయాల్సిందే. అలా గీసినదానికి బరువూ ఉంటుంది, ఊపూ ఉంటుంది. పేర్లకు, పుస్తకం అట్టలకు, షాపు బోర్డులకు చక్కగా నప్పుతుంది. పేరా మొత్తం అదే పెడితే మాత్రం కళ్లు లాగుతాయి.

తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు. అయినా కంప్యూటర్‌లో వాల్చేస్తున్నాం. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటివి బోల్డ్ చేసినప్పుడు వత్తులు సిరాతో పూడిపోవడం మీ ప్రెస్సులో మీరే చూసి ఉంటారు. దీన్ని సరిచేయడానికి మీ వాడి లాంటి కన్ను కావాలి. నాకు అతని మీద ఆశ ఉన్నది అందుకే.

ఇంటర్ మాత్రం మాననివ్వకండి. బీడెస్, అంటే డిజైన్ డిగ్రీ, సీట్ల కోసం ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షను ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు. అందులో బొమ్మ గీయడం కూడా ఉంటుంది. ఎన్‌ఐడీలకు, అంటే జాతీయ డిజైన్ సంస్థలకు, డాట్ అని వేరే పరీక్ష. మన రాష్ట్రంలోనే ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది. ఫీజులు తక్కువేం కాదు, లోన్ సంగతి ముందే కనుక్కోండి. ఫాంట్లు గీయడమే పనిగా ఉండే ఉద్యోగాలు కొద్దే. కానీ ఇదే చదువుతో ప్యాకేజింగ్, యాప్‌లు, పత్రికల డిజైన్‌లోకి వెళ్లొచ్చు.

ఈలోగా ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాలుగు అక్షరాలు గీయమనండి. మిషన్ ఖాళీగా ఉన్న పూట వాటిని అచ్చువేసి చూపించండి. తెర మీద బాగున్నది కాగితం మీద ఎక్కడ పూడుకుపోయిందో చూసి, తనంతట తానే మళ్లీ గీయడానికి కూర్చుంటే, దరఖాస్తు ఫీజు కట్టేయండి.