ప్రాసెసర్ ఏదో కంపైలర్‌నే అడుగు

శ్రావణీ,

నువ్వు పంపిన బిల్డ్ స్క్రిప్ట్ మొత్తం చదివాను. ఇమేజ్ లైబ్రరీలో ఆ లోపలి లూపులకు చేత్తో అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలనే నేరుగా రాసే భాష) రాయడం మంచి పనే, దాని గురించి నాకు పేచీ లేదు. కానీ ఏ ఫైలు కంపైల్ చెయ్యాలో తేల్చుకోవడానికి, మెషీన్ పేరు చెప్పే యూనేమ్ కమాండ్‌ని నమ్ముకున్నావు చూడు, ముందు అది తీసెయ్. యూనేమ్ చెప్పేది కెర్నల్ సంగతి, అంటే ఓఎస్ నడిబొడ్డు సంగతి. నీ కంపైలర్ ఏ ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేస్తోందో దానికేం తెలుసు?

రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ సంగతే తీసుకో. కింద 64 బిట్ కెర్నల్, పైన 32 బిట్ ఓఎస్ ఉన్న సెటప్‌లు చాలానే ఉన్నాయి. యూనేమ్ ఏమో ఏఆర్చ్64 (64 బిట్ ఆర్మ్) అంటుంది, జీసీసీ కంపైలర్ మాత్రం 32 బిట్ ఆర్మ్ కోడ్ ఇస్తుంది, నీ స్క్రిప్ట్ వెళ్లి 64 బిట్ అసెంబ్లీ ఫైలు దాని చేతిలో పెడుతుంది, ఇంక లైను లైనుకీ ‘బ్యాడ్ ఇన్‌స్ట్రక్షన్’ ఎర్రర్లే. పేర్ల గొడవ మరొకటి. అదే 64 బిట్ ఇంటెల్ చిప్‌ని లినక్స్ ఎక్స్86_64 అంటే ఫ్రీబీఎస్‌డీ ఏఎండీ64 అంటుంది, 64 బిట్ ఆర్మ్‌ని లినక్స్ ఏఆర్చ్64 అంటే మ్యాక్ ఆర్మ్64 అంటుంది. ఇక క్రాస్ కంపైల్, అంటే ఒక మెషీన్ మీద వేరే ప్రాసెసర్‌కి కోడ్ కట్టడం, చేసేవాళ్లకైతే యూనేమ్ జవాబుతో అసలు సంబంధమే ఉండదు.

కాబట్టి కంపైలర్‌నే అడుగు. అది తన టార్గెట్‌ని బట్టి మాక్రోలు (పేరున్న గుర్తులు) ముందే పెట్టుకుని ఉంటుంది, ఇంటెల్ 64కి ఒకటి, 32కి ఒకటి, ఆర్మ్‌కీ అలాగే. టార్గెట్ పేరు చెప్పే డంప్‌మెషీన్ ఆప్షన్ కూడా ఉందనుకో, కానీ జీసీసీకి 32 బిట్ ఫ్లాగ్ ఇచ్చినా అది పాత పేరే చెబుతుంది, మాక్రోలు మాత్రం సరిగ్గా మారతాయి. నా మాట వింటే స్క్రిప్ట్‌లో ఆ వెతుకులాటే వద్దు. ప్రతి అసెంబ్లీ ఫైలు పేరు చివర పెద్ద ఎస్ (.S) పెట్టు, అప్పుడు మాక్రో షరతులు ముందుగా తేల్చే ప్రీప్రాసెసర్ దాని మీద నడుస్తుంది. లోపలి కోడ్ మొత్తాన్ని ఆ మాక్రో షరతులో చుట్టేసి, అన్ని ఫైళ్లనీ అన్ని చోట్లా కంపైల్ చెయ్. తనది కాని చోట ఆ ఫైలు ఖాళీగా మిగులుతుంది, అంతే. మ్యాక్‌లో ఇంటెల్‌కీ ఆర్మ్‌కీ కలిపి ఒకే బైనరీ కట్టేటప్పుడు ఒకే ఫైలు రెండు ఆర్కిటెక్చర్లకూ కంపైల్ అవుతుంది కదా, అక్కడ కాన్ఫిగర్ చేసేటప్పుడు ఒక్కసారి అడిగిన ప్రశ్న పనికిరాదు, ఈ పద్ధతే నిలబడుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కి మాత్రం ఇది చెల్లదు, దానికి వేరే అసెంబ్లర్‌కి సరిపడే ఫైళ్లు (ఇంటెల్‌కైతే మాసమ్‌వి) విడిగా ఉండాల్సిందే.

ఇందులో ఒక్క మెలిక ఉంది, జాగ్రత్త. లినక్స్‌లో ప్రతి అసెంబ్లీ ఫైలు చివరా ‘నోట్ గ్నూ స్టాక్’ సెక్షన్ రాయాలి, లేకపోతే ముక్కలన్నీ కలిపే లింకర్, ప్రోగ్రామ్ మొత్తానికి స్టాక్‌ని (తాత్కాలిక డేటా ఉండే మెమరీని) ఎగ్జిక్యూటబుల్, అంటే కోడ్‌లా నడవగలిగేలా చేసేస్తుంది, అది భద్రతకి పెద్ద చిల్లు. ఆ లింకర్ ఉండే బైన్‌యుటిల్స్ ప్యాకేజీలో, 2022లో వచ్చిన 2.39 నుంచి దీనికి వార్నింగ్ కూడా వస్తోంది. ఆ లైను ఆర్కిటెక్చర్ షరతు బయట ఉండాలి. లోపల పెట్టావంటే ఖాళీ అయిన ఫైల్లో అది కూడా ఎగిరిపోతుంది, ఆ ఖాళీ ఫైలే కొంప ముంచుతుంది.

ఇక రెండో సంగతి. బిల్డ్ సమయంలో తేల్చాల్సింది ఆర్కిటెక్చర్ వరకే. ఏవీఎక్స్2 (ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసే ఆదేశాల గుంపు) ఉందా లేదా అన్నది యూజర్ మెషీన్ మీద, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలాలి. నువ్వు పెట్టిన ‘మార్చ్ నేటివ్’ (-march=native) ఫ్లాగ్, బిల్డ్ చేసే మెషీన్‌కే సరిపడా కోడ్ కట్టేది, నీ ల్యాప్‌టాప్‌కి ఎంత బావున్నా పదిమందికి పంచే బైనరీకి పనికిరాదు. ఏవీఎక్స్2 ఇంటెల్ హాస్వెల్‌తో 2013లోనే వచ్చింది, కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు అమ్మిన సెలెరాన్, పెంటియం చిప్‌లలో అది లేదు. అలాంటి మెషీన్ మీద నీ ప్రోగ్రామ్ ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చచ్చిపోతుంది, పాపం ఆ యూజర్‌కి కారణం కూడా తెలియదు. చిప్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే సీపీయూఐడీ నువ్వే చదవొద్దు, ఎందుకంటే చిప్‌లో ఉంటే చాలదు, ఏవీఎక్స్2 వాడే పెద్ద రిజిస్టర్లని, ప్రోగ్రామ్‌లు మారేటప్పుడు ఓఎస్ భద్రపరుస్తోందో లేదో కూడా చూడాలి. జీసీసీ, క్లాంగ్‌లలో ఉన్న ‘సీపీయూ సపోర్ట్స్’ బిల్టిన్ ఈ రెండూ చూసే చెబుతుంది. ఎస్‌ఎస్‌ఈ2 అనే పాత గుంపు ఇంటెల్ 64లో ఎప్పుడూ ఉంటుంది, దానికి పరీక్ష అక్కర్లేదు.

తెలియని ప్రాసెసర్ వస్తే ఎర్రర్ ఇచ్చి ఆపకు, మామూలు సీ కోడ్‌తో కట్టు. కానీ ఆ సంగతి కాన్ఫిగర్ చివర్లో పెద్దగా ప్రింట్ చెయ్. నాసమ్ లాంటి అసెంబ్లర్ లేదని అసెంబ్లీ వదిలేసి బిల్డ్ చప్పుడు చెయ్యకుండా ముగిస్తే, లైబ్రరీ ఎందుకు నెమ్మదించిందో తెలియక జనం టెన్షన్ పడతారు. జేపెగ్ బొమ్మల లైబ్రరీ లిబ్‌జెపెగ్ టర్బోలో సిమ్డ్ (ఏవీఎక్స్2 లాంటి ఆదేశాల వాడకం) తప్పనిసరి అని చెప్పే ఆప్షన్ ఉంది, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో అసెంబ్లీ వద్దనే ఆప్షన్ ఉంది. నువ్వు రెండూ పెట్టు, డిస్ట్రో ప్యాకేజీలు చేసేవాళ్లు నీకు దణ్ణం పెడతారు.

అసెంబ్లీ ఫలితం, సీ ఫలితం బైటు బైటుకీ పోల్చే టెస్టు మాత్రం ఇవాళే మొదలుపెట్టు. ఆర్మ్ మెషీన్ లేదని ఆగకు, వేరే ప్రాసెసర్‌ని అనుకరించే క్యూఎమూ యూజర్ మోడ్‌లో టెస్టు నడుస్తుంది, వేగం కొలవడానికి మాత్రం దాన్ని నమ్మకు. నడిచాక లాగ్ పంపు, చూస్తాను.

బాబాయ్