ఫ్యామిలీ డాక్టర్ సంగతి సరే... ముందు ఆ నొప్పి మాత్ర ఆపించండి

ప్రశ్న: మేము ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చి ఏడాది దాటింది. మియాపూర్‌లో ఉంటున్నాం. మా మామయ్యగారికి 66 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఖమ్మంలో డాక్టర్‌గారు రాసిన పాత చీటీ చూపించి అవే మాత్రలు ఇక్కడ మెడికల్ షాపులో కొంటున్నాం. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర. మోకాళ్ల నొప్పులకు షాపతను ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ ఆర్నెల్లుగా రోజూ రాత్రి వేసుకుంటున్నారు. ఈమధ్య సాయంత్రానికి పాదాలు కొద్దిగా వాస్తున్నాయి. చుట్టుపక్కల పెద్ద ఆసుపత్రులకు లోటు లేదు గానీ, వెళ్లిన ప్రతిసారీ కొత్త డాక్టర్ కనిపిస్తున్నారు. ఇంటిల్లిపాదికీ ఒకే డాక్టర్ ఉంటే బాగుంటుందనిపిస్తోంది. ఎలా ఎంచుకోవాలి? గూగుల్ రేటింగ్ చూసి వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డాక్టర్‌ను ఎలా ఎంచుకోవాలో చెబుతానమ్మా. కానీ అంతకంటే ముందు మీ మామయ్యగారు రోజూ రాత్రి వేసుకుంటున్న ఆ నొప్పి మాత్ర ఆపించండి. ఈ రాత్రి నుంచే.

మీరు రాసిన మందుల్లో ఏ ఒక్కటీ విడిగా చెడ్డది కాదు. కలిసిన తీరే నన్ను కంగారు పెడుతోంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీలోని వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టాన్ అక్కడి నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపుతుంది. మూడూ ఒకే మనిషిలో చేరితే వడపోతకు కావాల్సిన ఒత్తిడే నిలవదు. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తారు. రెండు రోజులు విరేచనాలైనా, వడదెబ్బ తగిలినా, జ్వరంతో తిండీ నీళ్లూ మానేసినా కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. పైగా నొప్పి మాత్ర బీపీని పెంచుతుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది. బీపీ మాత్ర పని చేయట్లేదేమో అనుకుని ఇంకొకటి కలుపుకునే వాళ్లుంటారు. అసలు కారణం మాత్రం రాత్రి వేసుకునే మాత్రలో ఉంటుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కిడ్నీ పని తగ్గినవాళ్లలో గ్లిమిపిరైడ్ వల్ల షుగర్ బాగా పడిపోవచ్చు. తెల్లవారుజామున చెమటలు, వణుకు, తికమకగా మాట్లాడటం ఉన్నాయేమో ఆయన్ని అడగండి. పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు. మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా కిడ్నీ పనితీరును బట్టి తగ్గించాల్సి, ఒక్కోసారి ఆపాల్సి వస్తుంది.

పాదాల వాపు దీనివల్లేనా అంటే, మనిషిని చూడకుండా చెప్పలేను. నొప్పి మాత్ర కావచ్చు, కిడ్నీ కావచ్చు, గుండె, కాలేయం, కాళ్లలోని సిరలు కూడా కావచ్చు. బీపీ మందులో ఆమ్లోడిపిన్ ఉన్నా పాదాలు వాస్తాయి, అందుకే మాత్ర అట్ట మీద పేర్లన్నీ మరోసారి చదవండి. కానీ దయచేసి బీపీ, షుగర్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, మార్చొద్దు. నేను ఆపమన్నది నొప్పి మాత్ర ఒక్కటే. డాక్టర్‌ను కలిసేదాకా నొప్పి మరీ ఇబ్బంది పెడితే, కాలేయ జబ్బు, మద్యం అలవాటు లేనట్లయితే పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర అవసరమైనప్పుడు వేసుకోవచ్చు. అదీ రెండు మూడు రోజుల మాటే.

ఈ వారంలోనే రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, ఒక ఈసీజీ చేయించండి. పడుకుంటే ఆయాసం, మూత్రం బాగా తగ్గడం, మొహం ఉబ్బడం, ఛాతీ నొప్పి, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఫ్యామిలీ డాక్టర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఒక మాట కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోకండి. ఏడాది నాటి చీటీ మీద మందులు కొనడం వైద్యం కాదు. ఆ డాక్టర్‌గారు ఆ రోజు ఆయనకున్న బీపీని, బరువును, రిపోర్టులను చూసి అలా రాశారు. ఏడాదిలో అన్నీ మారతాయి. ఎసిక్లోఫెనాక్ అట్ట తిప్పి చూడండి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దాని మీదే ఉంటుంది. కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి మంచివాడే కావచ్చు, సాయం చేస్తున్నాననే అనుకుని ఉండొచ్చు. కానీ మీ మామయ్యగారి క్రియాటినిన్ ఎంతో అతనికి తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. నా ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లలో ‘నొప్పులకు అప్పుడప్పుడు ఒక మాత్ర’ అనేవాళ్లు చాలామంది. ఆ అప్పుడప్పుడు అన్నది ఎంత తరచో కూడా వచ్చిన కొడుకో కోడలో చెబితేనే తెలుస్తుంది. చాలావరకు రాకుండా చూసుకోగలిగిన నష్టం ఇది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ ప్రశ్న. పెద్దాయన ఆటోలో ఒక్కరే వెళ్లి రాగలిగినంత దగ్గర్లో, రోజూ అదే మనిషి కూర్చునే క్లినిక్ చూడండి. కొన్ని పాలీక్లినిక్‌లలో పూటకొక డాక్టర్ వస్తారు, రిసెప్షన్‌లో ముందే కనుక్కోండి. జనరల్ మెడిసిన్ ఎండీ గానీ, ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎండీ లేదా డీఎన్‌బీ (ఇదీ ఎండీ లాంటి పీజీ డిగ్రీయే) గానీ ఉంటే మంచిది. ఓపిగ్గా చూసే అనుభవమున్న ఎంబీబీఎస్ డాక్టర్ దొరికినా వదులుకోవద్దు. చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. పేరునీ ఆ నంబర్‌నీ నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అలా చూసుకున్నందుకు ఏ డాక్టరూ నొచ్చుకోకూడదు.

పెద్ద ఆసుపత్రే నచ్చితే అక్కడైనా ఒకే డాక్టర్‌కు చూపించుకోవచ్చు. జనరల్ మెడిసిన్ ఓపీలో ఒక పేరు ఎంచుకుని ప్రతిసారీ ఆ పేరు మీదే అపాయింట్‌మెంట్ అడగండి. ఖర్చు ఇబ్బంది అయితే బస్తీ దవాఖానాలనే ప్రభుత్వ క్లినిక్‌లు ఉన్నాయి. 2018 నుంచి హైదరాబాద్‌లో నడుస్తున్నాయి. ఎంబీబీఎస్ డాక్టర్ చూస్తారు, మందులూ పరీక్షలూ ఉచితం. నెలనెలా బీపీ, షుగర్ చూపించుకోవడానికి నామోషీ పడాల్సిన పని లేదు.

గూగుల్ రేటింగ్ చూస్తే పార్కింగ్ ఉందో లేదో, ఎంతసేపు కూర్చోబెడతారో తెలుస్తుంది. రోగ నిర్ధారణ ఎంత బాగా చేస్తారో అందులో తేలదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘మంచి డాక్టర్ ఎవరు’ అని అడిగితే పది పేర్లు వస్తాయి. ‘షుగర్‌కి ఏళ్ల తరబడి ఎవరి దగ్గర చూపించుకుంటున్నారు, ఎందుకు వదల్లేదు’ అని అడగండి. వచ్చే పేర్లు తక్కువే గానీ పనికొస్తాయి.

అసలు సంగతి మొదటిసారి లోపలికి వెళ్లాక తెలుస్తుంది. తెచ్చిన మాత్రల అట్టలన్నీ టేబుల్ మీద పెట్టించుకుని ఒక్కొక్కటీ ఎందుకు వాడుతున్నారని అడిగారా? కాసేపు కూర్చోబెట్టి బీపీ చూశారా? చెప్పులు విప్పించి, వేళ్ల సందులు చూసి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి గుంట పడుతోందేమో చూశారా? షుగర్ ఉన్న మనిషి పాదాలను చూడని డాక్టర్ దగ్గర నా మనసు నిలవదు. ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్షకు పంపించడం, అవసరమైనప్పుడు ‘ఇది నా పరిధి కాదు, ఫలానా స్పెషలిస్ట్‌కు చూపించండి’ అనడం కూడా మంచి గుర్తులే. స్పెషలిస్ట్ రాసిన చీటీ తిరిగి ఈయనకే చూపించాలి. మోకాళ్లకు ఒకరు, గుండెకు ఒకరు, గ్యాస్‌కు ఒకరు రాస్తూ పోతే అన్ని మాత్రలనూ కలిపి చూసే కన్ను ఒక్కటైనా ఉండాలి కదా. మీకు కావాల్సిన ఫ్యామిలీ డాక్టర్ ఆ మనిషే.

చిన్న జ్వరానికీ సెలైన్, యాంటీబయాటిక్ పెట్టేవాళ్లకు, పేరు లేని తెల్ల మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాళ్లకు దూరంగా ఉండండి. ఆ పొట్లాల్లో స్టెరాయిడ్లు ఉండే అవకాశం ఉంది. నొప్పి మంత్రం వేసినట్టు తగ్గుతుంది, షుగర్ ఎక్కడికో వెళ్తుంది. చీటీ ఇవ్వడానికి ఇష్టపడని చోటికి రెండోసారి వెళ్లొద్దు.

ఖమ్మం డాక్టర్‌గారిని వదిలేయమని నేను అనను. ఫోన్ చేసి పాత రిపోర్టులు, ముఖ్యంగా పాత క్రియాటినిన్ విలువ ఉంటే పంపమనండి. ఇప్పటిదాన్ని పోల్చుకోవడానికి కొత్త డాక్టర్‌కు ఎంతో ఉపయోగం. ఫోన్‌లో ఆయన సలహా తీసుకోవచ్చు, కానీ పాదం వాపు ఫోన్‌లో తేలేది కాదు.

మొదటిసారి వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే కాకుండా ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ కవర్లో వేసుకెళ్లండి. గ్యాస్ మాత్ర, ఆయుర్వేదం చూర్ణం, పక్కింటివాళ్లు ఇచ్చిన నొప్పి నూనె సీసా కూడా. మీరో, మీవారో పక్కన ఉండండి, ఎసిక్లోఫెనాక్ ఆర్నెల్లు రోజూ వేసుకున్నారన్న మాట ఆయన చెప్పకపోతే మీరే చెప్పండి.

– జనరల్ ఫిజీషియన్, హైదరాబాద్