ఫాల్స్ బే ఒడ్డుకు వెళ్లే ముందు

చిరంజీవి శ్రీనివాసుకు మామయ్య ఆశీస్సులు.

పిల్లలకు సెలవులిచ్చారనీ, కేప్‌టౌన్ దగ్గర జనం తక్కువగా ఉండే సముద్రతీరం ఏదైనా చెప్పమనీ రాశావు. అందరూ క్యాంప్స్ బేకి వెళ్లమంటారు. అక్కడ సూర్యాస్తమయం చూడదగినదే కానీ, బెంగ్యులా అనే చల్లటి సముద్ర ప్రవాహం వల్ల నడివేసవిలో కూడా ఆ నీళ్లలో కాళ్లు కొంకర్లు పోతాయి. నా మాట విని ద్వీపకల్పానికి తూర్పున ఉన్న ఫాల్స్ బే వైపు, ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సైమన్స్ టౌన్‌కు వెళ్లండి. అక్కడి బౌల్డర్స్ తీరంలో పెద్ద పెద్ద గ్రానైట్ రాతి గుండ్లు అలలను ముందే అడ్డుకుంటాయి కనుక వాటి మధ్య నీళ్లు పిల్లలు ఆడుకోవడానికి అనువుగా ఉంటాయి. అలాగని విశాఖ నీళ్లంత వెచ్చగా ఉంటాయనుకోవద్దు. కాసేపు ఆడిన తరువాత పిల్లల పెదవులు నీలం తిరుగుతుంటే, ఎంత మారాం చేసినా బయటికి తీసుకురావాలి.

వేసవిలో అక్కడ ఆగ్నేయం నుంచి వీచే గాలి మధ్యాహ్నానికి సాధారణంగా ఉధృతమై ఇసుకను ముఖాన కొడుతుంది, కాబట్టి ఉదయమే చేరుకోవడం మంచిది. ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. పోటు మీద ఉన్నప్పుడు బౌల్డర్స్‌లో కూర్చోవడానికి ఇసుక పెద్దగా మిగలదు; పాటు సమయంలోనైతే గుండ్ల సందుల్లోంచి వంగుని ఒక మడుగు నుంచి మరొక మడుగుకు వెళ్లవచ్చు. పౌర్ణమికీ అమావాస్యకూ అటూ ఇటూగా అక్కడ పాటు ఉదయం తొమ్మిది, పది గంటల ప్రాంతంలో వస్తుంది కనుక, మీ అమ్మ పంపిన పంచాంగం చూసి రోజు నిర్ణయించుకోవచ్చు. డిసెంబరు సెలవుల్లో బౌల్డర్స్ కూడా కిటకిటలాడుతుంది. అప్పుడు దానికి కాస్త దక్షిణంగా, గోల్ఫ్ మైదానం పక్కనున్న విండ్‌మిల్ బీచ్‌కు వెళ్లండి; అది చిన్నదే అయినా నాకు బౌల్డర్స్ కంటే అదే ఇష్టం.

బౌల్డర్స్‌లో ఉండే పెంగ్విన్ల విషయం పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళ్లు. 1982లో అక్కడ స్థిరపడిన రెండు జంటలతో ఆ గుంపు మొదలైంది. ఈ ఆఫ్రికా పెంగ్విన్ జాతిని మాత్రం 2024లో అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. మీరు వెళ్లే రోజుల్లో వాటిలో కొన్ని ఈకలు రాల్చుకుంటూ, చిరిగిన దూదిపరుపులా ఒళ్లంతా కుచ్చులు కుచ్చులుగా, ఒకే చోట నిలబడి కనిపిస్తాయి. కొత్త ఈకలు పూర్తిగా వచ్చేదాకా, అంటే సుమారు మూడు వారాల పాటు, అవి నీళ్లలోకి దిగలేవు, వేటాడలేవు, ఒంట్లోని కొవ్వు మీదే బతుకుతాయి. ఫొటో కోసం దగ్గరికి వెళ్లి వాటిని బెదరగొడితే ఆ దాచుకున్న శక్తి వృథా అవుతుంది. పైగా వాటి ముక్కు కత్తిలా ఉంటుంది, చేయి చాపిన పిల్లవాడి వేలు తెగుతుంది.

పులిహోర తీసుకువెళ్తారని నాకు తెలుసు. ఆ చుట్టుపక్కల బబూన్లనే పెద్ద కోతులు తిరుగుతుంటాయి, తిండి కనబడితే కారు తలుపు కూడా తెరుస్తాయి. అందుచేత డబ్బాలు బయట పెట్టకుండా, తలుపులకు తాళం వేసి ఉంచండి. సంచులు, ఫోన్లు కారు సీట్ల మీద వదిలేయవద్దు, ఇది బబూన్ల గురించి కాదు. తిరుగు దారిలో ఫిష్ హోక్ దగ్గర ఆగి ఈతకు దిగాలనుకుంటే ముందు జెండా చూడాలి. ఆకుపచ్చ జెండా ఉంటే నీళ్లు తేటగా ఉన్నాయనీ సొరచేప కనబడలేదనీ అర్థం. నల్లది ఉంటే కాపలావాళ్లకు నీళ్లలోకి సరిగా కనబడటం లేదని అర్థం. సొరచేప బొమ్మ ఉన్న తెల్లజెండా ఎగరేసి సైరన్ మోగిస్తే మారుమాట లేకుండా ఒడ్డుకు రావాలి.

సైమన్స్ టౌన్‌లో బయలుదేరేటప్పుడు మాత్రం ఒకసారి వంగి కారు కింద చూసుకో. నీడ కోసం పెంగ్విన్లు అక్కడ దూరుతాయి.

ఇట్లు,
మీ మామయ్య