కారులో జెట్ ఇంజిన్‌కి ఏం పని?

ప్రశ్న: జాగ్వార్ సీ-ఎక్స్75 అనే కాన్సెప్ట్ కారు వీడియో చూశాను. సీట్ల వెనక రెండు బుల్లి జెట్ ఇంజిన్లు ఉన్నాయన్నారు. విమానంలా అవే కారును ముందుకు తోస్తాయా? అంత కారు అమ్మకానికి ఎందుకు రాలేదు?

జవాబు: తోయవు. ఆ బుల్లి జెట్ ఇంజిన్లకూ (వీటినే టర్బైన్లు అంటారు) చక్రాలకూ అసలు సంబంధమే లేదు. కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటర్ పనే అవి చేస్తాయి. కారును నడిపేవి చక్రానికొకటి చొప్పున నాలుగు ఎలక్ట్రిక్ మోటార్లు. ఒక్కోటి 145 కిలోవాట్లు, మొత్తం 580. అంటే దాదాపు 780 హార్స్‌పవర్. 2010 పారిస్ మోటార్ షోలో ఈ కారును చూపించారు.

మరి మామూలు ఇంజిన్ పెట్టొచ్చు కదా అంటారా? టర్బైన్ బరువు 35 కిలోలే, ఇచ్చేది 70 కిలోవాట్లు. పిస్టన్లు, వాల్వుల గొడవ లేదు. నిమిషానికి 80,000 సార్లు తిరుగుతుంది. డీజిల్ పోసినా, గ్యాస్ పెట్టినా మండించుకుంటుంది. చిక్కల్లా దాని మొండితనమే. ఒకే వేగంతో తిరుగుతుంటే బంగారం, కాసేపు తగ్గించి కాసేపు పెంచితే ఇంధనం తాగేస్తుంది. పైగా యాక్సిలరేటర్ తొక్కాక కాస్త ఆగి గానీ స్పందించదు. 1950లో రోవర్, 1963లో క్రైస్లర్ టర్బైన్‌తోనే నేరుగా చక్రాలు తిప్పే కార్లు చేసి చూశాయి. క్రైస్లర్ అయితే యాభై కార్లను మామూలు జనానికే ఇచ్చి నడపమంది. అయినా ఆ దారి ముందుకు సాగలేదు. జాగ్వార్ మధ్యలో బ్యాటరీని పెట్టి ఆ చిక్కు విప్పింది. తొందరంతా మోటార్లది, టర్బైన్ తన వేగంలో తాను తిరుగుతూ బ్యాటరీ నింపుతుంది. నాకు ఈ కారులో నచ్చిందే ఇది.

ఇక బ్రోషర్ లెక్కలను కాస్త విప్పి చూద్దాం. రెండు టర్బైన్లు కలిసి ఇచ్చేది 140 కిలోవాట్లు, మోటార్లు పూర్తి జోరులో అడిగేది 580. తేడా 440 బ్యాటరీ నుంచే రావాలి. అందులో ఉండేది సుమారు 20 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 20 యూనిట్లు. భాగించి చూడండి, మూడు నిమిషాల్లోపే ఖాళీ! అంటే 780 హార్స్‌పవర్ అనేది ఓ చిన్న పరుగుకు సరిపడే మాట. నెమ్మదిగా పోతే మాత్రం బ్యాటరీ మీదే 110 కిలోమీటర్లు, టర్బైన్లతో కలిపి 900 వస్తుందని అప్పట్లో ప్రకటించారు.

విలియమ్స్ ఫార్ములా వన్ సంస్థతో కలిసి గరిష్ఠంగా 250 కార్లు చేస్తామని జాగ్వార్ 2011లో చెప్పింది. ఆ దశలోనే టర్బైన్లు పోయి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో, సూపర్‌చార్జర్ రెండూ తగిలించిన 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ వచ్చింది. నాలుగు సిలిండర్ల ఆ ఇంజిన్ ఒక్కటే 500 హార్స్‌పవర్ ఇచ్చేది! ఆర్థిక పరిస్థితి బాగోలేదని 2012 డిసెంబరులో మొత్తం ప్రాజెక్టునే ఆపేశారు. కొన్ని ప్రోటోటైపులు, అంటే పరీక్ష కోసం చేసిన నమూనా కార్లు మాత్రం మిగిలాయి.

ప్రశ్న: చక్రానికో మోటార్ ఉంటే మలుపులో వాటిని ఎవరు అదుపు చేస్తారు?

జవాబు: సాఫ్ట్‌వేర్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. మామూలు కారులో ఆ తేడాను డిఫరెన్షియల్ గేర్లు చూసుకుంటాయి. ఇక్కడ స్టీరింగ్ ఎంత తిప్పారు, ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది, కారు ఎంత పక్కకు తిరుగుతోంది అన్నది సెన్సర్లు చెబుతుంటే కంప్యూటర్ బయటి చక్రానికి బలం పెంచి లోపలి దానికి తగ్గిస్తుంది. కారు ముక్కు దానంతటదే మలుపులోకి తిరిగినట్టు అనిపిస్తుంది. ఇందులో అసలు టెన్షన్ వేరే ఉంది. మంచి వేగంలో ఎడమ మోటార్ చటుక్కున ఆగిపోతే కారు ఎడమ పక్కకు లాగేస్తుంది. డ్రైవర్ తేరుకునేలోపే కుడి మోటార్‌ను కూడా తగ్గించాల్సింది ఆ ప్రోగ్రామే.

ప్రశ్న: 780 హార్స్‌పవర్ ఉండి కూడా 100 కి.మీ. వేగానికి 3.4 సెకన్లు పడుతుందా?

జవాబు: టైర్ల పట్టు అడ్డం వస్తుంది. 1,350 కిలోల కారును 3.4 సెకన్లలో ఆ వేగానికి చేర్చడానికి సగటున 150 కిలోవాట్ల పైచిలుకు చాలు. మొదట్లోనే మొత్తం పవర్ వదిలితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. మిగతా పవర్‌కు పని పడేది పై వేగాల్లో. వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుపోవడానికి ఎనిమిది రెట్ల పవర్ కావాలి. ప్రకటించిన 330 కి.మీ. టాప్ స్పీడ్ కోసమే ఆ మోటార్లన్నీ.