సస్కాచవాన్ పల్లెలో అడ్రస్ చదవడం ఎలా?

కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో ఫామ్ ఉద్యోగం వచ్చిందనీ, ఓనరు వీధి పేరు లేకుండా "ఎన్‌డబ్ల్యూ 14-10-5-డబ్ల్యూ3" అని మాత్రమే పంపాడనీ, మోసమేమోననీ అడిగారు కదా. ఆ ఒక్క ముక్క చూసి టెన్షన్ పడకండి. అక్కడి పల్లెల్లో పొలం అడ్రస్ అలాగే రాస్తారు. మన సర్వే నంబరు లాంటిదే.

వెనక నుంచి చదవండి. డబ్ల్యూ3 అంటే మూడో మెరిడియన్‌కు (ఉత్తర దక్షిణాలుగా గీసిన సర్వే గీత) పడమర. 5 రేంజి, అంటే ఆ గీత నుంచి పడమరకు అయిదో నిలువు వరస. 10 టౌన్‌షిప్. టౌన్‌షిప్ అంటే ఊరు కాదు (నేనూ మొదట అలాగే అనుకున్నా), ఆరు మైళ్ళ చదరం. అమెరికా సరిహద్దు నుంచి ఉత్తరానికి లెక్కపెడతారు కాబట్టి మీ చోటు సరిహద్దుకు సుమారు 57 మైళ్ళు. ఆ చదరంలో 36 సెక్షన్లు, ఒక్కోటి దాదాపు 640 ఎకరాలు. ఆగ్నేయ మూలలో 1తో మొదలై పడమరకు 6 దాకా వెళ్ళి, పై వరసలో 7తో వెనక్కి తిరుగుతాయి, అచ్చం పొలంలో నాగలి తిరిగినట్టు. అలా మీ 14 కింది నుంచి మూడో వరసలో, తూర్పు నుంచి రెండోది. ఎన్‌డబ్ల్యూ అంటే అందులో వాయవ్యపు పావు, 160 ఎకరాలు.

రూరల్ మునిసిపాలిటీ ఆఫీసులో భూయజమానుల పేర్లున్న మ్యాపు అడగండి. జీపీఎస్ దగ్గరి దారి చూపించిందని మట్టిరోడ్డు ఎక్కకండి. వాన పడితే బంకమట్టి టైర్లకు చుట్టుకుని కారు కదలదు. చుట్టయినా కంకర రోడ్డే మేలు. చేరాక ఈ నంబరు ఫ్రిజ్ మీద అతికించుకోండి, ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేస్తే ఇదే చెప్పాలి.